నల్లద్దం హెల్మెట్

పుస్తకాల మీద విమర్శ రాసేవాళ్ళకి మన దేశంలో కొదవ లేదు. సినిమాల మీద రాసేవాళ్ళు అంతకన్నా ఎక్కువ. రోజుకి రెండు గంటలు నెత్తిన మోసే వస్తువు మీద మాత్రం ఎవరూ కలం కదపరు. దుకాణంవాడు చెప్పిందే పీఠిక, వాడు చెప్పిందే భరతవాక్యం. ఆ లోటు కొంతైనా తీరుద్దామని నా ఈ ప్రయత్నం. విమర్శకుడికి ఉండవలసిన మొదటి అర్హత అనుభవం అంటారు కదా, అది నా దగ్గర దండిగా ఉంది.

నా కాపురం బెజవాడలో, ఉద్యోగం హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక హైస్కూల్లో. పోను 40 కిలోమీటర్లు, రాను 40. ఈ రోడ్డుకో విశేషం ఉంది. బెజవాడ నుంచి బయల్దేరితే అది తూర్పుకి కాస్త ఉత్తరంగా పోతుంది. అంచేత జూన్‌లో బడులు తెరిచిన కొత్తలో పొద్దున్నే వెళ్తుంటే సూర్యుడు సరిగ్గా రోడ్డు చివరే లేస్తాడు. డిసెంబరులో సాయంత్రం ఇంటికి వస్తుంటే సరిగ్గా రోడ్డు చివరే కుంగుతాడు. మిగతా నెలల్లో కాస్త పక్కకి తప్పుకుంటాడుగాని, ఈ రెండు కాలాల్లోనూ మాత్రం ఎదురొచ్చే లారీలాగా ముఖం మీదికే వస్తాడు. సూర్య నమస్కారాలు నిలబడి చెయ్యాలి గాని బండి మీద చెయ్యకూడదండీ!

ఆ డిసెంబరులో ఒకనాటి సంగతి. కేసరపల్లి దాటాను. ఐదుంపావయింది. ముందంతా బంగారు ముద్ద. అందులోంచి హఠాత్తుగా ఒక సైకిలు, దాని మీద గడ్డిమోపు, మోపు వెనకాల ఒక ముసలాయన. సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్నాడు. రెండు బ్రేకులూ ఒకేసారి నొక్కాను. బండి జారి, అడ్డం తిరిగి, ఆగింది. ముందు చక్రానికీ ఆయన పంచె అంచుకీ మధ్య నా జానెడు. ఆయన తిట్టలేదు. "కళ్ళు కనపడట్లేదా బాబూ?" అని మాత్రం అడిగాడు. నిజం చెప్పాలంటే, కనపడలేదు. ఆ మాట ఆయనతో అనలేక, తల ఊపి వచ్చేశాను.

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను. ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టి, లోపలికి వెళ్ళి నా హెల్మెట్ తెచ్చి దీపం ముందు పట్టుకుని చూసింది. "ఏమండీ, దీన్లోంచి మీకు ఏం కనిపిస్తుందని వెళ్తున్నారు?" అంది. ఆరేళ్ళ హెల్మెట్. అద్దం నిండా గీతలు. పొడిగుడ్డ పెట్టి దుమ్ము తుడిచిన పాపమంతా అక్కడ ఉంది. ఒక్కొక్క గీతా ఎండని పట్టుకుని నాలుగు వైపులా చిమ్ముతుంది. మన కంటికి కనిపించే ఆ బంగారు ముద్దలో సగం సూర్యుడిదీ, సగం ఆ గీతలదీ. అందుకని పాఠకులకి ముందే ఒక మాట. మీ పాత అద్దం గీతలు పడి ఉంటే, నల్లద్దం సంగతి తర్వాత, ముందు అది మార్చండి. కొత్త హెల్మెట్ కన్నా చాలా తక్కువలో పోతుంది. తుడిచేటప్పుడు ముందు నీళ్ళతో దుమ్ము కడిగి, తర్వాత మెత్తటి గుడ్డ వెయ్యండి.

నేను అప్పటికే ఒక తెలివితక్కువ పని చేసి ఉన్నాను. ఎండలోకి వెళ్తే వాటంతట అవే నల్లబడే కళ్ళజోడు కొన్నాను. పెరట్లో నిలబడితే బ్రహ్మాండంగా నల్లబడేది. బండెక్కితే తెల్లబోయి కూర్చునేది. మోసపోయాననుకుని కొట్టువాడి మీదికి వెళ్ళాను. తప్పు వాడిది కాదు. ఆ అద్దాలు నల్లబడేది ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే. హెల్మెట్ అద్దం పాలికార్బొనేట్‌ది. అది ఆ కిరణాలని బయటే ఆపేస్తుంది. ఇంక కళ్ళజోడుకి ఎండ వచ్చిందని కబురు చెప్పేవాళ్ళెవరు?

మర్నాడు ఆదివారం. మా మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని గవర్నరుపేటలో ఒక దుకాణానికి వెళ్ళాను. వాడికి బండ్ల పిచ్చి. దుకాణంలో అడుగు పెట్టీ పెట్టకముందే "మావయ్యా, మొత్తం నల్లద్దమే వేయించుకో, హీరోలా ఉంటావ్" అన్నాడు. హీరోల సంగతేమోగాని, డిసెంబరులో మాకు ఐదూ నలభైకల్లా పొద్దు గుంకుతుంది. నేను రామవరప్పాడు చేరేసరికి చీకటి. ఒక్క ప్రయాణంలో మొదటి సగానికి నల్లద్దం కావాలి, రెండో సగానికి తెల్లద్దం కావాలి. బయటి అద్దమే నల్లదైతే, చీకట్లో దాన్ని పైకెత్తి దుమ్మూ పురుగులూ కళ్ళలో పోసుకుంటూ రావాలి. లేదా దించుకుని గుడ్డివాడిలా రావాలి. మామూలు నల్లకళ్ళజోడు పెట్టుకుందామంటే నాకు చూపు జోడు ఉండనే ఉంది. అందుకని లోపల దాక్కుని, కావాలన్నప్పుడు దిగి, వద్దన్నప్పుడు పైకి పోయే నల్లద్దం ఉన్నదే నా రోగానికి మందు. దుకాణాల్లో దీన్ని డబుల్ వైజర్ అంటున్నారు.

చిట్టినగర్ సొరంగంలో నుంచి బండి మీద వెళ్ళినవాళ్ళకి దీని అవసరం వేరే చెప్పక్కర్లేదు. మిట్టమధ్యాహ్నం ఎండలోంచి ఒక్కసారి లోపలికి దూరితే ముందు ఉన్నది ఆటోయో ఆవో తెలియదు. నల్లకళ్ళజోడు వాళ్ళు ఒక చేత్తో జోడు ఊడదీసుకునే తంటా పడుతుంటారు. ఈ లోపలి అద్దమైతే బొటనవేలితో ఒక్క నెట్టు.

దుకాణంవాడు అరడజను తీసి బల్ల మీద పెట్టాడు. ఇక నా విమర్శ.

మీట ఎడమ పక్కనే ఉండాలి. కుడిచెయ్యి యాక్సిలరేటర్ వదిలితే బండి నెమ్మదిస్తుంది, వెనక లారీవాడు నెమ్మదించడు. ఒకదానికి మీట నడినెత్తిన ఉంది. చెయ్యెత్తి తడుముకోవాలి, చూసేవాళ్ళు దణ్ణం పెడుతున్నాడనుకుంటారు. యాభై వేగంలో సెకనుకి దాదాపు 14 మీటర్లు పోతాం. మీట కోసం రెండు సెకన్లు తడుముకుంటే 28 మీటర్లు, అంటే ఆ గడ్డిమోపు ముసలాయన ఎన్నిసార్లు అడ్డొచ్చినట్టు? అందుకని నేను దుకాణంలోనే కళ్ళు మూసుకుని, స్వెటరు చేతులకి వాడే ఉన్ని గ్లవుజులు తొడుక్కుని, పదిసార్లు దింపి ఎత్తి చూశాను. మా మేనల్లుడు సిగ్గుపడి దుకాణం బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

ఆ తర్వాత కళ్ళజోడు. ఆరింట్లో రెండు దిగుతూనే నా జోడు పై అంచుని కొట్టాయి. ఒకటి ముక్కు మీద వాలింది. మరొకటి మొహమాటస్తుడు, కనుబొమ్మల కింద కాస్త దిగి ఆగిపోయింది. దాని కిందుగా ఎండ దర్జాగా వస్తూనే ఉంది. అద్దం అంచు సరిగ్గా చూపుకి అడ్డంగా గీతలా పడితే అసలు లేనిదే నయం. మరీ నల్లదీ వద్దు. చెట్ల నీడలో గుంట కనపడాలి కదా!

ఇంతవరకూ వైభోగం. అసలు సంగతి నేను హెల్మెట్ బోర్లించి లోపల చెయ్యి పెట్టాక బయటపడింది.

హెల్మెట్‌లో మన తల కాపాడేది పైన మెరిసే డిప్ప కాదండీ. దాని లోపల ఉండే థర్మాకోల్. పెళ్ళి మండపాల్లో వధూవరుల పేర్లు చెక్కుతారే, ఆ జాతిదే, కాకపోతే దిట్టమైనది. దెబ్బ తగిలినప్పుడు అది నలిగిపోయి, తల ఆగడానికి కాస్త వ్యవధి ఇస్తుంది. ఆ కాస్తలోనే ప్రాణం ఉంది. ఒకసారి నలిగిందంటే మళ్ళీ లేవదు, అందుకే పడిన హెల్మెట్ పారెయ్యమంటారు. మరి ఈ నల్లద్దం పైకి వెళ్ళినప్పుడు ఎక్కడ ఉంటుంది? నుదుటి ఎదురుగా, డిప్పకీ థర్మాకోల్‌కీ మధ్య. దానికి చోటు కావాలంటే తయారీదారుకి రెండే దార్లు. డిప్ప పెద్దది చెయ్యాలి, లేదా అక్కడ థర్మాకోల్ పల్చన చెయ్యాలి. మొదటిదైతే బరువు, మెడనొప్పి. రెండోదైతే ఏం చెప్పను? నేను చూసిన వాటిలో ఒకదాని నుదుటి దగ్గర వేలు పెడితే పాపం మినపరొట్టె కన్నా పల్చగా తగిలింది.

ఇది నా అనుమానం మాత్రమే కాదు. జపాన్‌లో అరాయ్ అని పేరుమోసిన కంపెనీ ఉంది. థర్మాకోల్‌లో చోటు తినేస్తుందనే, వాళ్ళు లోపలి నల్లద్దం పెట్టనే పెట్టరు. కావాలంటే బయటి అద్దానికి పైన తగిలించుకునే నల్లరెప్ప ఇస్తారు. అదే జపాన్‌లో షోయి అనే మరో పేరుమోసిన కంపెనీ లోపలి నల్లద్దంతోనే హెల్మెట్లు చేసి, పరీక్షలు నెగ్గించి అమ్ముతోంది. ఇద్దరూ ఘనులే. కాబట్టి నల్లద్దం ఉండడమే తప్పనలేం. దానికోసం దేన్ని బలిపెట్టారన్నదే ప్రశ్న. చవకలో అన్నీ ఇస్తామనే చోట బలి తప్పకుండా ఉంటుందని నా నమ్మకం.

ఇక్కడ ఒక పాత కథ జ్ఞాపకం వస్తోంది. 'లారెన్స్ ఆఫ్ అరేబియా' సినిమా చాలామంది చూసే ఉంటారు. ఆ అసలు లారెన్స్ 1935లో ఇంగ్లండులో మోటార్‌సైకిలు మీద వెళ్తూ, సైకిళ్ళ మీద వెళ్తున్న ఇద్దరు కుర్రాళ్ళని తప్పించబోయి పడ్డాడు. నెత్తిన ఏమీ లేదు. ఆరు రోజులకి పోయాడు. ఆయన్ని చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రచికిత్స నిపుణుడు ఒకడు. ఆయన తర్వాత మోటార్‌సైకిలు వాళ్ళ తల దెబ్బల మీద పరిశోధన చేసి, 1941లో హెల్మెట్ అవసరాన్ని రుజువు చేస్తూ వ్యాసం ప్రచురించాడు. ఆ సినిమా నేను మూడుసార్లు చూశాను. మొదటి రెండుసార్లూ ఆ మొదటి దృశ్యం గురించి ఏమీ అనుకోలేదు. కేసరపల్లి తర్వాత చూసినప్పుడు మాత్రం సైకిళ్ళు కనపడగానే కుర్చీలోంచి లేచాను.

మన దగ్గర చట్టం లేకపోలేదు. 1988 మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. 2019 సవరణతో జరిమానా వెయ్యి రూపాయలు చేసి, మూడు నెలలు లైసెన్సు ఆపే అధికారం కూడా పెట్టారు. 2021 జూన్ నుంచి ఐ.ఎస్.ఐ. ముద్ర లేని హెల్మెట్ అమ్మకూడదు. అయినా రోడ్డు పక్క తాడు కట్టి గుమ్మడికాయల్లా వేలాడదీసి అమ్ముతూనే ఉన్నారు. వాటి మీదా ముద్ర ఉంటుంది, గోటితో గీకితే లేచి వస్తుంది. జరిమానా పోలీసుకి, హెల్మెట్ తలకి అని మనవాళ్ళకి ఎప్పుడు తడుతుందో!

సరే, కథ ముగించాలి. ఆరింట్లో ఐదు పక్కన పెట్టాను. మిగిలిన ఒక్కటి చూడ్డానికి ఇడ్లీ పాత్రలా ఉంది. రంగు బూడిదరంగు. డిప్ప కాస్త పెద్దది, నుదుటి దగ్గర థర్మాకోల్ నా బొటనవేలంత మందంగా ఉంది. టేపుతో కనుబొమ్మల పైన తల చుట్టూ కొలిపించుకుని, ఆ కొలతదే తీసుకున్నాను. బుగ్గలు గట్టిగా పట్టుకుంది. "మొదట్లో బిగుతేనండి మాస్టారూ, పదిరోజుల్లో అలవాటవుతుంది" అన్నాడు దుకాణంవాడు. ఆ మాట నిజమే. పట్టీ బిగించి వెనక నుంచి పైకి లాగమన్నాను. మా మేనల్లుడు లోపలికొచ్చి ఉత్సాహంగా లాగాడు. ఊడలేదు, మెడ మాత్రం రెండు రోజులు నొప్పెట్టింది.

దానిలో లోపాలు లేవనను. వానాకాలంలో నల్లద్దానికి ఊపిరి ఆవిరి పడుతోంది. తియ్యడానికి వస్తుందిగాని, మళ్ళీ పెట్టడానికి మా మేనల్లుడే రావాలి. గాలి చప్పుడు పాతదానికన్నా ఎక్కువ. ఏమాటకామాట చెప్పుకోవాలి, పోయిన డిసెంబరంతా కేసరపల్లి దగ్గర సైకిళ్ళు సైకిళ్ళలాగే కనపడ్డాయి. ఆ ముసలాయన ఒకటి రెండుసార్లు ఎదురయ్యాడు. నన్ను గుర్తుపట్టలేదు, నెత్తిన ఇడ్లీ పాత్ర ఉంది కదా. నేనే వేగం తగ్గించి, ఆయన దాటేదాకా ఆగాను.

మొన్న మంగళవారం నుంచి మీట కాస్త బిగుస్తోంది. దుమ్ము దూరి ఉంటుంది. ఆదివారం దుకాణానికి తీసుకెళ్ళాలి.