మగ్గం అట్ట నుంచి టెర్మినల్ గడి దాకా

వెల్గటూర్ నుంచో జగిత్యాల, కోరుట్లల నుంచో సిరిసిల్ల వెళ్లినవాళ్లకు సాంచాల (మరమగ్గాల) చప్పుడు కొత్తగాదు. అట్టల జాకార్డ్ యంత్రం బిగించిన మగ్గం దగ్గర నిలబడి తల పైకెత్తితే, తాళ్లతో కుట్టిన అట్టల దండ కనిపిస్తుంది. ఒక్కో పేకకు ఒక్కో అట్ట. రంధ్రమున్న చోట సూది లోపలికి దిగుతుంది, దాని కొక్కెం పడుగు పోగును పైకెత్తుతుంది. రంధ్రం లేని చోట పోగు కిందనే ఉంటుంది. అంచు మీద పూయబోయే పువ్వు మొత్తం ముందే అట్టల మీద రాసి ఉంటుంది. మగ్గం దాన్ని చదివి నేస్తుంది, అంతే.

ఫ్రాన్స్‌లోని లియాన్‌లో జోసెఫ్ మారీ జాకార్డ్ ఈ యంత్రాన్ని రూపొందించింది 1804 ప్రాంతంలో. అలాంటి రంధ్రాల అట్టలే ఆ తర్వాత 1890 అమెరికా జనగణనలో మనుషుల లెక్క తేల్చాయి. 1928లో ఐబీఎం వాటిని 80 నిలువు వరుసల కార్డుగా స్థిరపరిచింది. 1978లో డెక్ సంస్థ విడుదల చేసిన వీటీ100 టెర్మినల్‌లోనూ అడ్డంగా 80 గళ్లే, నిలువుగా 24 వరుసలు. నేటి ప్రోగ్రామర్ నల్లటి కిటికీ తెరిచినప్పుడు తరచూ కనిపించే ఆ 80 వెనుక కార్డు ఉంది, ఆ కార్డు వెనుక మగ్గం ఉంది.

టెర్మినల్‌ను ఆడించే పద్ధతి సరళమైనది. అక్షరాలు పంపితే చూపిస్తుంది. ఎస్కేప్ అనే 27వ సంకేతం, దాని వెంట చదరపు కుండలీకరణం వచ్చాయంటే, తర్వాత వచ్చేది ఆజ్ఞ అని గ్రహిస్తుంది. ఆ రెండింటి తర్వాత 31, చిన్న ఎమ్ పంపితే అక్కడి నుంచి అక్షరాలు ఎర్రబడతాయి. 2, పెద్ద జే పంపితే తెర తుడిచిపెట్టుకుపోతుంది. వరుస సంఖ్య, గడి సంఖ్య, పెద్ద హెచ్ పంపితే కర్సర్ అక్కడికి వెళ్లి కూర్చుంటుంది. 1970ల్లో ప్రమాణంగా కుదిరిన ఈ ఆజ్ఞలే నేటి లినక్స్ టెర్మినళ్లలోనూ పనిచేస్తున్నాయి.

చిక్కు వేరే చోట ఉంది. ప్రోగ్రాములో పది మూలల నుంచి పది ఆజ్ఞలు తెర మీద పడుతుంటే, ఇప్పుడు రంగు ఏది, కర్సర్ ఎక్కడ అన్నది ఎవరి చేతిలోనూ ఉండదు. ఒకచోట పెట్టిన ఎరుపును తీయడం మరిచితే చివరి వరకూ అంతా ఎరుపే. ఫంక్షనల్ భాషల సంప్రదాయం అక్కరకొచ్చేది ఇక్కడే. 1990లో తొలి రూపం వెలువడిన ఫంక్షనల్ భాష హాస్కెల్‌లో ప్రమేయం (ఫంక్షన్) తనకిచ్చిన విలువల నుంచి ఫలితం కడుతుంది. అవే విలువలిస్తే ఎన్నిసార్లయినా అదే ఫలితం. తెర మీద రాయడం, మీట నొక్కు చదవడం లాంటి బయటి పనులకు ఆ భాష వేరే ముద్ర వేస్తుంది. ఏ ప్రమేయం లెక్కతో ఆగుతుందో, ఏది బయటి ప్రపంచాన్ని తాకుతుందో దాని రకం చూసే చెప్పవచ్చు.

హాస్కెల్‌లోని వీటీవై, దాని మీద కట్టిన బ్రిక్, మరో ఫంక్షనల్ భాష ఓకామెల్‌లోని నాట్టీ అనే గ్రంథాలయాలు (లైబ్రరీలు) ఈ దారిలోనే నడుస్తాయి. వాటిలో బొమ్మ ఒక విలువ. రెండు బొమ్మలను పక్కపక్కన పేరిస్తే మరో బొమ్మ, ఒకదాని కింద ఒకటి పెడితే ఇంకో బొమ్మ. ఇలా కూర్చుకుంటూ పోయేంతసేపూ తెర మీద ఒక్క చుక్క కూడా పడదు. బొమ్మ పూర్తయ్యాక ఒకే ఒక్క చోటు నుంచి తెరకు వెళుతుంది. డిజైనర్ గళ్ల కాగితం మీద పువ్వు గీసి, అట్టలు కొట్టించి, ఆ తర్వాతే మగ్గానికి ఎక్కించినట్టు. గళ్ల కాగితం మీద తప్పు దొరికితే పోయేది కాగితమే, మగ్గం మీద దొరికితే బట్ట పోతుంది.

ఈ దారిలో రెండు మేళ్లు. మొదటిది, పాత బొమ్మను కొత్తదానితో పోల్చి మారిన మేరకే పంపవచ్చు. 1200 బాడ్ తీగ మీద సెకనుకు 120 అక్షరాలు వెళ్లే రోజుల్లో 1920 గళ్ల తెర నిండడానికి 16 సెకన్లు పట్టేది. ఆ ఇబ్బందిలోంచే బర్క్‌లీలో కర్సెస్ గ్రంథాలయం పుట్టింది. దూరపు సర్వర్‌తో పనిచేసేవాళ్లకు ఆ పొదుపు నేటికీ పనికొస్తుంది. రెండోది భద్రత. ఇలాంటి ప్రోగ్రాము ప్రతి మీట నొక్కునూ తానే అందుకోవడానికి టెర్మినల్ మామూలు అలవాట్లను ఆపేస్తుంది. మధ్యలో కూలిపోతే కొట్టిన అక్షరాలు తెర మీద కనబడవు, వాడేవాడు బిత్తరపోతాడు. హాస్కెల్‌లో బ్రాకెట్ అనే ప్రమేయం ఉంది. మొదలుపెట్టే పనినీ సర్దే పనినీ జతగా కడుతుంది, మధ్యలో పొరపాటు జరిగినా సర్దే పని చేసే తీరుతుంది.

ఇక మన అక్షరం సంగతి. టెర్మినల్ గడికి ఒక అక్షరమన్న లెక్క ఇంగ్లిషుకు కుదిరింది. "స్త్రీ" మన కంటికి ఒకే అక్షరం. యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. వాడుకలో ఉన్న వెడల్పు లెక్క స, త, రలకు తలా ఒక గడి ఇచ్చి, పొల్లుకూ దీర్ఘానికీ సున్నా ఇస్తుంది. మొత్తం మూడు గళ్లు. ఫాంటు గీసేది ఆ మూడింటిలో అమరకపోతే పట్టిక గీతలు పక్కకు జరుగుతాయి. పడుగు లెక్క తప్పిన బట్టలా ఉంటుంది ఆ తెర.

ఈ సమస్యను మన దేశం తొందరగానే పట్టించుకుంది. ఐఐటీ కాన్పూర్‌లో మొలకెత్తి, పుణెలోని సీడాక్‌లో ఎదిగిన జిస్ట్ సాంకేతికత తొలి పేరులోనే "భారతీయ లిపి టెర్మినల్" ఉండేది. జిస్ట్ కార్డు బిగించిన కంప్యూటర్లో, ఇంగ్లిషు కోసం రాసిన డాస్ ప్రోగ్రాములు తెలుగునూ చూపాయి. 1991లో ఇస్కీ సంకేతావళి జాతీయ ప్రమాణమైంది. యూనికోడ్ వచ్చి సంకేతాల గొడవ తీర్చింది. గడి వెడల్పు గొడవ మాత్రం మిగిలే ఉంది.

బొమ్మను విలువగా చూసే పద్ధతిలో ఈ కొలత ఒకే ప్రమేయంలో ఉంటుంది. దాన్ని సరిచేస్తే దాని మీద కట్టిన పట్టికలన్నీ కొత్త కొలత అందుకుంటాయి. టెర్మినల్ కూడా అదే కొలతను ఒప్పుకోవాలి, కాబట్టి పని రెండు వైపులా జరగాలి. కొండగట్టు దగ్గరి జేఎన్టీయూ కళాశాలలో, బాసర ట్రిపుల్ ఐటీలో చదివే పిల్లలారా, ఈ గ్రంథాలయాల మూలం అందరికీ తెరిచే ఉంది. "స్త్రీ", "క్ష్మ", "ర్త్స్య" లాంటి అక్షరాలతో ఒక పరీక్ష రాసి చూడండి. ఎక్కడ గీత జరిగిందో గుర్తించండి, సవరణ పంపండి. అట్ట చదివి పోగు ఎత్తే యంత్రాల మధ్య పెరిగిన ప్రాంతం మనది. ఈ లెక్క మనమే సరిచేయాలి.