గానుగ సున్నం, పాత మేడ

పత్తి, మిర్చి, పొగాకు పండే గుంటూరు, ప్రకాశం సీమలో పాతకాలపు మేడలూ సత్రాలూ అక్కడక్కడా ఇంకా నిలబడే ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని హోటల్ చేద్దామనుకున్నవాడు మొదట చేసే పని, పెచ్చులూడిన చోటల్లా సిమెంటు మెత్తించి రంగు కొట్టించడం. రెండు వానాకాలాలు తిరిగేసరికి గోడ ఉప్పు కక్కుతుంది. సున్నపు గోడలోకి ఎక్కిన చెమ్మ మామూలుగా గాలికి ఆరిపోతుంది. పైన సిమెంటు పొర పడితే దానికి దారి మూసుకుపోతుంది. లోపలి ఇటుకా పొడిపొడి అవుతుంది.

ఓపిగ్గా బాగు చేస్తే ఏమవుతుందో, హైదరాబాదులోని ఫలక్‌నుమా సంగతి చూడండి. పైగా అనే ప్రభు వంశానికి చెందిన వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టిన ఈ మహల్ తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. 1950ల తర్వాత దశాబ్దాల పాటు మూతపడే ఉంది. నిజాం వంశపు కోడలు ప్రిన్సెస్ ఎస్రా దగ్గరుండి చూసుకోగా తాజ్ గ్రూపు దాన్ని బాగు చేయించి 2010 నవంబరులో హోటల్‌గా తెరిచింది. అందుకు పట్టిన కాలం పదేళ్ళు. 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల ఉన్న మహల్‌లో గదులు మాత్రం 60. లెక్కల గుమాస్తా ఒప్పుకోడు గానీ, గదులు తక్కువగా ఉంచడమే తెలివైన పని.

నిజాం మహల్ మాట వేరు, మనకేముందంటారా? పిడుగురాళ్ళ ఉంది. సున్నం బట్టీలకు పేరుమోసిన పల్నాటి ఊరది. అమరావతి స్తూపానికి శిల్పాలు చెక్కింది ఈ పల్నాటి సున్నపురాయి మీదే.

రాయిని బట్టీలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నం మిగులుతుంది. నీళ్ళు పోస్తే బుసబుసమని పొంగి, వేడికి కుతకుత ఉడుకుతుంది. దాన్ని నానబెట్టి, ఇసుక కలిపి, గుండ్రటి గాడిలో రాతి చక్రం తిప్పి గానుగ ఆడేవారు. కరక్కాయ నానిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసేవారు. వేళ్ళ మధ్య నలిపితే ఇసుక పలుకు తెలియనంత మెత్తబడ్డాకే మేస్త్రి తాపీ పట్టేవాడు. గోడకెక్కాక ఆ సున్నం బట్టీలో పోగొట్టుకున్న వాయువునే గాలిలోంచి మళ్ళీ పీల్చుకుంటూ, నెలల తరబడి నిదానంగా రాయి అవుతుంది.

కాంట్రాక్టరు గడువులో ఆ నెలలకు చోటుండదు. అసలు చిక్కంతా అక్కడే. బట్టీ సున్నం ఇప్పటికీ లారీకెత్తుకోవచ్చు. గానుగ పట్టడం తెలిసిన చేతులే కరువు. సిమెంటు బస్తా మూతి విప్పే ముందు, సున్నం పని ఎరిగిన ముసలి మేస్త్రి ఎవరైనా చుట్టుపక్కల ఉన్నాడేమో ఒక్కసారి వాకబు చేయండి.