పాతాళభైరవి: శక్తి ఎవరి కొరకు?

కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1951లో విడుదలైన 'పాతాళభైరవి'లో తోటమాలి కుమారుడైన రాముడు రాకుమారిని ప్రేమిస్తాడు. తనతో సమానమైన ఐశ్వర్యం సంపాదించుకొని రమ్మని రాజు షరతు పెడతాడు. రాముడు మాంత్రికుని జయించి, కోరినది ఇచ్చే ప్రతిమను పొంది, మేడ కట్టించుకుంటాడు. పేదవాని సాహసాన్ని గౌరవించినందుకు చిత్రం మెచ్చదగినదే. అయితే ఆ శక్తి ఒక్కరినే పైకెత్తింది. మనిషిని ఐశ్వర్యంతో కొలిచే రాజు కొలబద్ద మారలేదు.

కేసముద్రం మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీకి ఈ కథ ద్వారా మనం ఏమి బోధించగలం? నీకూ ఒక ప్రతిమ దొరుకుతుందనా? అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో సీమోను దేవుని శక్తిని ద్రవ్యంతో కొనజూచి పేతురుచేత గద్దింపబడ్డాడు. ఆశీర్వాదాన్ని మేడలతో కొలిచి ప్రకటిస్తే మనమూ ఆ రాజు షరతునే వినిపించినవారమవుతాం. హమాలీ కూలిని గూర్చి మన ప్రసంగవేదిక మాట్లాడాలి.