అద్దెకున్నవాళ్ల పేర్లు

అమెరికాలోని వూస్టర్‌లో మేం అద్దెకున్నది మూడంతస్తుల చెక్క ఇల్లు. ఆ ఊరివాళ్లు త్రీ డెక్కర్ అంటారు. అంతస్తుకో కుటుంబం, ముందూ వెనకా వరండాలు. ఫ్యాక్టరీ పనులకు వలస వచ్చినవాళ్ల కోసం పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి 1920ల దాకా ఇలాంటివి వేలల్లో కట్టారు. ఇంటాయన ఒక అంతస్తులో ఉండి, మిగతావి అద్దెకిచ్చి, ఆ డబ్బుతో అప్పు తీర్చుకునేవాడు.

ఒక చలికాలం గోడలో నీళ్ల పైపు పగిలింది. బాగుచేసేతను వంటింటి గోడ కోస్తే లోపల సన్నటి చెక్క పట్టీలు వరసగా కనబడ్డాయి. వాటి సందుల్లోంచి అవతలికి ఉబ్బి గట్టిపడిన గచ్చు. ఆ ఉబ్బులే గచ్చును గోడకు పట్టి ఉంచుతాయి. పక్కనే పింగాణీ బుడిపెలకు కట్టిన పాత కరెంటు తీగ, ఎప్పుడో వాడకం మానేసింది. ఆ రోజు నుంచి ఆ ఇంటి పుట్టుపూర్వోత్తరాలు వెతకడం మొదలుపెట్టాను.

అగ్నిప్రమాద బీమా కోసం గీసిన శాన్‌బోర్న్ మ్యాపుల్లో ఇటుక ఇళ్లకు గులాబీ రంగు, చెక్క ఇళ్లకు పసుపు. మా వీధంతా పసుపే! దస్తావేజుల్లో ఎవరు ఎవరికి అమ్మారో ఉంది. అద్దెకున్నవాళ్ల ఊసే లేదు. ఇల్లంటే నాకు కాపురాలు, చేతులు మారిన కాగితాలు కాదు.

వాళ్లు జనాభా లెక్కల్లో దొరికారు. ఆ కాగితాలు 72 ఏళ్లకు గాని బయటపెట్టరు. 1920 నాటి కాగితం అంచున నిలువుగా వీధి పేరు, మా ఇంటి నంబరు దగ్గర మూడు కుటుంబాలు. ఒక ఇంటిపెద్ద పుట్టింది స్వీడన్‌లో, పని తీగల ఫ్యాక్టరీలో, మాతృభాష స్వీడిష్. 1930లో ఇంట్లో రేడియో ఉందా అని కూడా అడిగారు. మా ఇంటి మొత్తానికి ఒక్క రేడియో! ఏ అంతస్తులోదో కాగితంలో లేదు. పైవాళ్లు కుర్చీ జరిపితే మాకు వినిపించే ఇల్లది. ఆ రేడియో పాటలు మూడంతస్తులవాళ్లూ వినే ఉంటారు.

2020 లెక్కలప్పుడు మేం అక్కడే ఉన్నాం. ఆ కాగితాలు 2092లో తెరుస్తారు. మా పేర్లుంటాయి, మాతృభాష ఉండదు. ఆ ప్రశ్న ఈసారి అడగలేదు. ఇల్లు ఖాళీ చేసే రోజు సెల్లారులోకి దిగి, మెట్ల పక్క దూలం మీద మా ఇద్దరి పేర్లూ తెలుగులో పెన్సిలుతో రాసి వచ్చాను.