భద్రాద్రి బాటకు అరుగులు

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ, సారపాక మీదుగా భద్రాచలం దాదాపు 120 కిలోమీటర్లు. శ్రీరామనవమికి ఈ దారిన కాలినడకన వెళ్లే దీక్షాపరుల్లో చెప్పులు వేసుకోనివాళ్లు ఎందరో. అది చైత్రమాసం, ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటే కాలం. తెల్లవారకముందే బయల్దేరి, తారు కాలే వేళకు ఆగిపోయి, పొద్దు వాలాక మళ్లీ నడవాలి. ఆ నడుమ ఆరేడు గంటలు వాళ్లు ఎక్కడ ఒళ్లు వాల్చాలన్నదే వాస్తుశిల్పి ముందున్న అసలు ప్రశ్న. స్వాగత తోరణాలు దానికి జవాబు కావు. నా మటుకు నేను చెప్పేది ఇది: నేలను శాశ్వతంగా కట్టాలి, కప్పును ఏటేటా వేసుకోవాలి.

నేలంటే అరుగు. మోకాలెత్తున, మనిషి కాళ్లు బారజాపుకుని పడుకునేంత వెడల్పున, చుట్టూ రాతి అంచు, లోపల దిమ్మిస కొట్టిన మట్టి. పక్కన బోరు, వేప, కానుగ చెట్లు. పైన వెదురు రాటల మీద తాటాకు పందిరి. నవమికి వాడవాడలా చలువ పందిళ్లు వేసి పానకం, వడపప్పు పంచే మనకు ఈ విద్య కొత్తది కాదు. అడవి అంచు కోయగూడేల్లో వెదురు చీల్చి తడిక అల్లేవాళ్లున్నారు, ఏటా ఆ కూలి వాళ్లకే దక్కాలి. స్లాబు పగలు తాగిన వేడిని రాత్రంతా కిందికి వదులుతుంది. రేకుల షెడ్డయితే మిట్టమధ్యాహ్నానికి పెనమే.

ఏటా ఖర్చెందుకు, ఒక్కసారి భవనం కట్టేస్తే పోదా అంటారు. నవమికి, ముక్కోటికి తప్ప జనం ఉండని భవనానికి మిగతా నెలల్లో తాళమే గతి. పైగా ఇది గోదావరి సీమ. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులైతే, 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. చైత్రంలో వేసి వానలకు ముందే విప్పేసే పందిరికి ఆ భయం లేదు, ముక్కోటి నాటికి వరదలూ తీస్తాయి. నిప్పు భయం మాత్రం నిజమే. అందుకే వంట పొయ్యిలు పందిరికి దూరంగా, గాలివాలుకు ఉండాలి. ఇళ్లు ఆనుకుని ఉన్నచోట తాటాకు వద్దు, గూనపెంకులే మేలు. ఆడవాళ్ల స్నానాల గదులు, మరుగుదొడ్ల విషయంలో నా సూత్రాన్ని నేనే పక్కన పెడతాను: అవి ఇటుక గోడలతో, లోపలి గడియతో, రాత్రంతా వెలిగే దీపంతో పక్కాగా ఉండి తీరాలి.

మెక్సికోలో తల్పా యాత్రికుల దారి కూడా ఇంచుమించు ఇంతే, 117 కిలోమీటర్లు. అక్కడ పేరున్న వాస్తుశిల్పులు విడిదులతోపాటు కొండలు చూసే వేదికలూ కట్టారు, అవి అందంగానే ఉన్నాయి. మన దారికి ముందు కావలసింది ఎనిమిదేసి కిలోమీటర్లకు ఒక అరుగు. అంటే పదిహేను చాలు. ఏజెన్సీ గ్రామాల్లో 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు మాట చెప్పే హక్కునిచ్చింది కనుక, ఆ పదిహేనింట్లో అడవి అంచున పడేవాటికి చోటు చూపాల్సింది గ్రామసభే. నీళ్లు ఎక్కడ పడతాయో, వాగు ఎంతదాకా పొంగుతుందో నక్షా గీసేవాడికంటే ఆ ఊరివాళ్లకే బాగా తెలుసు.