‘క్యాన్సర్ సూచిక’ అన్న పేరు: ఆల్ఫా ఫీటో ప్రోటీన్‌పై ఒక విమర్శ

1. ఉపోద్ఘాతం:

కరీంనగర్ వాడుకలో ‘కార్జం’ అనే కాలేయానికి, కొంత కోసి తీసినా తిరిగి పెరిగే గుణం ఉంది. ఎలుక కాలేయంలో మూడింట రెండు వంతులు తొలగించినా కొద్దిరోజుల్లోనే అది దాదాపు పూర్వపు పరిమాణానికి చేరుతుందని 1931లో హిగ్గిన్స్, ఆండర్సన్ చూపారు. కాలేయ క్యాన్సర్‌లోనూ జరిగేది కణవిభజనే. అయితే మొదటిది అవసరం తీరగానే ఆగుతుంది, రెండవది ఆగదు. ఈ రెంటి జాడా రక్తంలోని ప్రోటీన్లలో కనిపిస్తుంది. వాటిలో ముఖ్యమైన ఆల్ఫా ఫీటో ప్రోటీన్‌ను, ‘ట్యూమర్ మార్కర్’ అన్న మాటను అనుసరించి ‘క్యాన్సర్ సూచిక’గా పరిచయం చేయడం ఎంతవరకు సమంజసమన్నది పరిశీలించదగిన విషయం.

2. ప్రోటీన్ స్వభావం:

ఇది మొదటినుంచీ క్యాన్సర్ ప్రోటీన్ కాదు. గర్భస్థ శిశువు కాలేయం దీనిని విరివిగా తయారుచేస్తుంది. పుట్టిన తరువాత దీని ఉత్పత్తి తగ్గిపోయి, ఆ స్థానం ఆల్బుమిన్‌ది అవుతుంది. కాలేయ కణితి ఉన్న చిట్టెలుకల రక్తంలో ఇది మళ్ళీ కనిపిస్తుందని 1963లో అబెలెవ్ బృందం, మరుసటి ఏడాది మానవ రోగులలో టటారినోవ్ గుర్తించారు. ‘సూచిక’ అన్న పేరుకు ఆధారం ఇదే. కాని కాలేయ భాగాన్ని తొలగించిన చిట్టెలుకల్లోనూ, హెపటైటిస్ రోగులలోనూ ఇది పెరుగుతుంది. తీవ్ర కాలేయ వైఫల్యంలో దీని పెరుగుదలను కోలుకునే లక్షణంగా వైద్యులు పరిగణించిన సందర్భాలున్నాయి.

3. పేరుతో వచ్చే చిక్కు:

కామెర్లు తగ్గుతున్న రోగి నివేదికలో ఈ అంకె కాస్త పెరిగితే, పేరు చూసిన కుటుంబం అప్పు చేసి కరీంనగర్ నుంచి హైదరాబాదుకు పరుగెత్తవచ్చు. దీనికి వ్యతిరేకమైన ప్రమాదం మరింత పెద్దది. తొలిదశ కాలేయ క్యాన్సర్లలో చాలావాటిలో ఈ ప్రోటీన్ సాధారణ పరిమితి దాటదు. సిర్రోసిస్ ఉన్నవారు అంకె బాగుందని ఆరునెలలకోసారి చేయించుకోవలసిన అల్ట్రాసౌండ్ స్కానింగ్ మానుకుంటే, కణితి చికిత్సకు అందే దశ దాటిపోతుంది. పేరు మొదటి కుటుంబాన్ని అకారణంగా భయపెడితే, రెండవవారిని అకారణంగా నమ్మించింది.

4. ముగింపు:

‘పిండదశ ప్రోటీన్’ అనడం దీని స్వభావానికి దగ్గరగా ఉంటుంది. అయినా పేరు మార్పు ఒక్కటే చాలదు. అర్థం ఒక్క అంకెలో లేదు. వారాల తరబడి అది ఎటు నడిచిందన్నదానిలో ఉంది. మానుతున్న కాలేయంలో అది పెరిగి తగ్గుతుంది. కామెర్లు తగ్గిన తరువాత కూడా పెరుగుతూనే ఉంటే కణితిని అనుమానించాలి. తెలుగులో రాసే వైజ్ఞానిక వ్యాసం ఈ తేడాను చెప్పినప్పుడే నివేదిక చదివే పాఠకునికి మేలు చేస్తుంది.