విహారద్వీపమున ఆతిథ్యము

అతిథిని గౌరవించుట ధర్మమని మనవారు చిరకాలముగా చెప్పుచున్నారు. ఆ ధర్మము నేడు గొప్ప వ్యాపారమైనది. వ్యాపారమగుట దోషము కాదు. పూటకూళ్లమ్మయు సొమ్ము పుచ్చుకొనియే అన్నము పెట్టెడిది. అయితే సొమ్మిచ్చినవానికి ఏమి దొరకెనో, ఏమి దొరకలేదో విచారింపవలెను గదా! గ్రంథమునకువలెనే వసతిగృహమునకును గుణదోషవిమర్శనము తగునని తలచి యీ వ్యాసము వ్రాయుచున్నాను.

నిరుడు మాల్దీవులలో నొక విహారద్వీపమున అయిదు దినములుంటిని. ద్వీపమంతయు నొక్క హోటలే. దాని పేరు చెప్పను. దాని దోషములలో పెక్కు దానికి మాత్రమే చెందినవి కావు.

ముందుగా గుణములు చెప్పుట న్యాయము. సముద్రపు రంగు పటములలో చూపినట్లే యున్నది. ఇసుక పగడపు పొడి యగుటచే ఎండలో గూడ కాలు కాలదు. పనివారు మిక్కిలి మర్యాద గలవారు.

ఇక దోషములు. నీటిపై కుటీరమని యిచ్చిన గదికి రాత్రింబవళ్లు యంత్రపు మ్రోత వినబడుచుండెను. ఒడ్డు కోసుకొని పోకుండ పేర్చిన ఇసుకబస్తాలు పటములో లేవు. నీట మునిగి చూడగా రంగురంగుల పగడములకు మారుగా బూడిదవన్నె శిథిలములు కనబడెను. భోజనశాలలో నానాదేశముల వంటకములుండెను గాని ఆ దేశపు వంటకమొక్కటియు లేదు. చేపతురుము, కొబ్బరికోరు, ఉల్లి, మిరపకాయ కలిపి రొట్టెతో తిను ‘మాస్ హుని’ అచ్చటివారి ప్రాతఃకాలపు ఆహారము. అది కావలెనని యడిగితిని. “అది మా పనివారి భోజనశాలలో ప్రతిదినము నుండునండీ, అతిథులకు పెట్టరు” అని వడ్డించువాడు చెప్పెను. అతడు బంగ్లాదేశీయుడు. ఆ అయిదు దినములలో నాతో నాలుగు మాటలాడిన మాల్దీవు మనుష్యుడు పడవ నడుపువాడొక్కడే.

పగడముల మరణమునకు హోటలువారిని నిందించుట తగదు. 1998లోను 2016లోను సముద్రజలము మితిమీరి వేడెక్కెను. పగడపు జీవులు తమలో నుండి తమకు ఆహారమిచ్చు సూక్ష్మమైన నాచును అట్టి వేడిలో వెడలగొట్టి తెల్లబారును. వేడి తగ్గనిచో చచ్చును. విమానమెక్కి పోయిన నాకును ఆ వేడిలో పాలు కలదు. నిందింపదగినది, ఆ సంగతి దాచి పాత పటములు చూపి సొమ్ము గైకొనుట.

అయితే నాకు కలిగిన ఆశాభంగమునకు ముఖ్యకారణము పగడములు కావు, యంత్రపు మ్రోత కాదు. నేనొక దేశమునకు పోయి ఆ దేశమును చూడక తిరిగివచ్చితిని. ఇది యాదృచ్ఛికము కాదు, ఏర్పాటే అట్టిది. ఆ దేశమున సుమారు 1,200 దీవులు గలవు. జనులు నివసించునవి 200కు లోపు. 1972లో మొదటి విహారగృహము వెలసినది మొదలు, జనులు లేని దీవులలోనే, దీవికొక్కటి చొప్పున హోటళ్లు కట్టించు పద్ధతి యేర్పడెను. మద్యము దేశీయులకు నిషిద్ధము, ఆ హోటళ్లలో అతిథులకు లభ్యము. గ్రామస్థుల ఆచారములకు భంగము కలుగరాదను తలంపు అందు గలదు. దానిని నేను పరిహసింపను. కాని దాని ఫలమేమి? అతిథి దేశమును చూడడు. దేశీయుడు అతిథిని తన యింట చూడడు. గ్రామద్వీపములలో అతిథిగృహములకు అనుమతి దొరకినది 2009-10 ప్రాంతముననే.

14వ శతాబ్దమున ఇబ్న్ బతూతా అను యాత్రికుడు ఈ దీవులలోనే కొన్ని నెలలుండి, ఖాజీపదవి వహించి, అచ్చటి స్త్రీని వివాహమాడెను. చేపలను, కొబ్బరిని, కొబ్బరిపీచు త్రాళ్లను, వంగదేశమునకు నాణెములుగా పోవు గవ్వలను వర్ణించెను. అచ్చటి స్త్రీల వస్త్రధారణము నచ్చక తప్పులు పట్టెను. తప్పులు పట్టుటకైనను ఆతనికి మనుష్యులు దొరకిరి. నాకు దొరకినవి తలగడలు, తువ్వాళ్లు.

దాచబడినది మనుష్యులు మాత్రమే కాదు. స్నానపుతొట్టి నిండ పోసిన మంచినీరు సముద్రపునీటిని ఇంధనము మండించి తీసినది. ఆ దేశమున నీరెంత విలువైనదో 2014 డిసెంబరులో తెలిసెను. మాలే నగరపు నీటి కర్మాగారమున అగ్నిప్రమాదము జరుగగా మన దేశము విమానములమీదను ఓడలమీదను త్రాగునీరు పంపవలసివచ్చెను. మేము పారవేసిన సీసాలేమగునని యడుగగా ఎవ్వరును చెప్పలేదు. రాజధానికి సమీపమున తిలఫుషి యను దీవి 1990 దశకము మొదలుకొని చెత్త పోసి పూడ్చిన దీవి యని మాత్రము తరువాత చదివితిని.

“విశ్రాంతికై పోయినవానికి ఈ నీటిలెక్కలు, చెత్తకుప్పలు ఏల?” అని చదువరులు కొందరు అడుగవచ్చును. విశ్రాంతి యనగా కన్నులు మూసికొనుట కాదు. మన గడపలో అన్నము తినుచు వంటింటి సంగతి యెరుగమను యజమానుని మనము మెచ్చుకొందుమా? అతిథి కోరినకొలదియే హోటలువా డమ్మును. ఉన్నచోట నున్నట్లే పరదేశమునను ఉండవలెనని కోరు మనమే ఈ లోపమునకు సగము కర్తలము.

కావున రెండు మాటలు మనవి చేయుదును. హోటలువారు నేటి పగడమును నేటి పటముతో చూపవలెను. పనివారి వంటకమును అతిథులకును వడ్డింపవలెను. నీరు ఎచ్చటినుండి వచ్చునో, చెత్త ఎచ్చటికి పోవునో చెప్పవలెను. యాత్రికులు కొన్ని దినములైనను గ్రామద్వీపమున బస చేయవలెను. అచ్చటి వస్త్రమర్యాదను, ప్రార్థనావేళలను మన్నింపవలెను.

తిరుగుప్రయాణమున పడవ యొక గ్రామద్వీపమున అరగంట ఆగెను. ఒడ్డున త్రాళ్లతో అల్లిన ‘జోలి’ యను ఆసనములలో ముసలివారు కూర్చుండి ముచ్చటించుచుండిరి. ఒకాయన కొంచెము జరిగి నాకు చోటిచ్చెను. ఒకరి భాష ఒకరికి రాదు. అయినను ఆ అరగంట చాల సుఖముగా గడచెను. హోటలువారి బిల్లులో సేవకని నూటికి 10 చొప్పున వేరుగా వేసియుండిరి. ఈ ముసలివానికి ఏమియు ఇయ్యవలసిన పని లేకపోయెను.